పద్యం మీద పేరు

1712 మార్చి 17 రాత్రి లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో ఒక కొత్త విషాద నాటకం చివరి అంకానికి వచ్చింది. పెళ్ళి జరిగిన చోటే రాజు పిర్రస్ కత్తిపోట్లకు కూలిపోయాడు. పగబట్టి చంపించిన హెర్మయొనీ తనూ ప్రాణం తీసుకుంది. ఆమె మాట విని ఈ పనికి ఒడిగట్టిన ఒరెస్టీస్‌కు మతి చలించింది. ట్రాయ్ వీరుడు హెక్టర్ భార్య ఆండ్రొమకీ ఒక్కతే చిన్న కొడుకుతో మిగిలింది.

అంకం ముగిసింది. ఆండ్రొమకీ వేషం వేసిన ఆన్ ఓల్డ్‌ఫీల్డ్ వేదిక ముందంచు దాకా వచ్చి, జనం వైపు తిరిగి ఒక పద్యం చదివింది. ఏడుపు పద్యం కాదు. మొదటి భర్తకు ఇచ్చిన మాట తప్పకుండానే రెండో భర్త రాజ్యం తన చేతికి ఎలా వచ్చిందో, ఆ రెండో ఆయన పెళ్ళిరోజే ఎంత అనుకూలంగా కన్నుమూశాడో చెప్పి, విధవరాలి నేర్పు అంటే ఇదీ అని కన్నుగీటే పద్యం.

జనం ఆమెను లోపలికి పోనివ్వలేదు. మళ్ళీ చదవమని అరిచారు. ఆమె మళ్ళీ చదివింది.

ఆ రోజుల్లో ఇంగ్లిష్ నాటకానికి ముందొక పద్యం, వెనకొక పద్యం ఉండి తీరాలి. ముందుదాన్ని ప్రోలోగ్ అనేవారు, వెనకదాన్ని ఎపిలోగ్. మన నాటకాలకు నాందీ ప్రస్తావనలు, చివర భరతవాక్యం ఉన్నట్టే ఇవీ ఉండేవి. పని మాత్రం వేరు. భరతవాక్యం లోకానికి మంచి జరగాలని కోరుతుంది. ఎపిలోగ్ ఆ నాటకానికి మంచి జరగాలని కోరుతుంది. తెర లేవకముందే ఒక నటుడు వచ్చి ప్రోలోగ్ చదివేవాడు. రచయిత కొత్తవాడనో, కథ పాతదనో చెప్పి, వేదిక ముందున్న పిట్‌లో బెంచీల మీద కూర్చున్న విమర్శకుల్ని కాస్త గిల్లి, కాస్త బతిమాలి వెళ్ళేవాడు. చివర్లో ఎక్కువగా ఒక నటి వచ్చి ఎపిలోగ్ చదివేది. అది చాలావరకు పరాచికమే. నిమిషం కిందట ఆమె పాత్ర చచ్చిపోయి ఉన్నా సరే. 1669లో కవి డ్రైడెన్ నాటకంలో శవంగా పడి ఉన్న నటి నెల్ గ్విన్‌ను మోసుకుపోవడానికి మనుషులు వస్తే, ఆమె వాళ్ళను కసిరి, లేచి నిలబడి ఎపిలోగ్ చదివింది.

నాటకం రాసినవాడే ఈ పద్యాలు రాయాలన్న నియమం లేదు. పేరున్న కవి చేత రాయించుకుంటే గౌరవం, వసూళ్ళకూ మంచిది. కొత్త కవి తన మొదటి పుస్తకానికి పెద్దాయన దగ్గర ముందుమాట తెచ్చుకున్నట్టే. డ్రైడెన్ వీటికి గిన్నీల లెక్కన డబ్బు తీసుకునేవాడు. సదర్న్ అనే యువ రచయిత ప్రోలోగ్ అడగడానికి వస్తే రేటు పెంచేశాడు. నీ మీద చిన్నచూపుతో కాదు, ఇన్నాళ్ళూ నటులు నా సరుకును మరీ చవగ్గా పట్టుకుపోయారు అన్నాడట.

ఎవరు రాసినా, ఎంత బాగున్నా వీటి ఆయుష్షు మూడు రాత్రులే. మూడో రాత్రి వసూళ్ళు రచయితవి. అందాకా నాటకాన్ని నిలబెడితే పద్యం పని అయిపోయినట్టే. నాలుగో రాత్రి నుంచి తీసేసేవారు.

ఈ ఎపిలోగ్‌ను తీయలేకపోయారు. మొదటి రాత్రి రెండుసార్లు చదివారు. రెండో రాత్రి కేకలు అంతే గట్టిగా వినబడ్డాయి, మళ్ళీ రెండుసార్లు. మూడో రాత్రీ అంతే. ఏప్రిల్ 1 నాటికి తొమ్మిదిసార్లు అయిందని స్పెక్టేటర్ పత్రికలో లెక్క వచ్చింది. ఆ తరవాత ఆ నాటకాన్ని ఎన్నేళ్ళకు బయటికి తీసినా చివర్లో ఆ పద్యం పడాల్సిందే. డెబ్భై ఏళ్ళకు విమర్శకుడు డాక్టర్ జాన్సన్ దీని గురించి రాస్తూ, ఇంగ్లిష్ రంగస్థలం మీద ఇంతగా నెగ్గిన ఎపిలోగ్ ఇంకొకటి లేదనీ, జనం ఇప్పటికీ దానికోసం చూస్తారనీ, ఇప్పటికీ చదువుతున్నారనీ చెప్పాడు.

నాటకం పేరు 'ది డిస్ట్రెస్ట్ మదర్', అంటే దుఃఖంలో ఉన్న తల్లి. రాసింది ఆంబ్రోస్ ఫిలిప్స్. కథ ఆయన సొంతం కాదు. ఫ్రెంచి కవి రాసీన్ 1667లో రాసిన 'ఆంద్రొమాక్'ను ఇంగ్లిష్‌లోకి తెచ్చుకున్నాడు. ప్రోలోగ్ రిచర్డ్ స్టీల్ రాసిచ్చాడు. ఎపిలోగ్ మీద, అచ్చు పుస్తకంలో, ఇన్నర్ టెంపుల్‌కు చెందిన మిస్టర్ బడ్జెల్ అని ఉంది.

యూస్టస్ బడ్జెల్‌కు అప్పుడు 25 ఏళ్ళు. ఎక్సెటర్ దగ్గర పుట్టాడు. తండ్రి మతాచార్యుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివించి, తరవాత లా చదవమని లండన్ పంపాడు. ఇన్నర్ టెంపుల్ అంటే బారిస్టర్లను తయారుచేసే సంస్థ. బడ్జెల్ పట్టా తెచ్చుకున్నాడు గాని మనసు కోర్టు మీద నిలవలేదు. రాతల మీద నిలిచింది. దానికి కారణం ఒక చుట్టరికం.

జోసెఫ్ అడిసన్‌కు బడ్జెల్ స్వయానా మేనమామ కూతురి కొడుకు. అడిసన్ అప్పటికే పార్లమెంటు సభ్యుడు. ఐర్లండ్ రాజప్రతినిధికి కార్యదర్శిగా చేసి వచ్చినవాడు. 1711 మార్చి నుంచి స్టీల్‌తో కలిసి స్పెక్టేటర్ నడుపుతున్నాడు. ఐర్లండ్ ఉద్యోగానికి బడ్జెల్‌ను గుమాస్తాగా వెంట తీసుకెళ్ళాడు. లండన్‌లో ఒకే బసలో ఉంచుకున్నాడు. పత్రికలో రాయనిచ్చాడు. ఇంత చేసినవాడు నలుగురిలో బడ్జెల్ ప్రస్తావన వస్తే ఒక మాట అనేవాడని జాన్సన్ రాశాడు: "నన్ను కజిన్ అని పిలిచే మనిషి."

స్పెక్టేటర్ ఆదివారం తప్ప రోజూ ఒక్క కాగితంగా వచ్చేది. అందులో రచయితల పేర్లు ఉండవు. వ్యాసం చివర ఒక అక్షరం మాత్రం ఉంటుంది. అడిసన్ వ్యాసాల కింద సి, ఎల్, ఐ, ఓ అనే నాలుగు అక్షరాల్లో ఏదో ఒకటి. నాలుగూ కలిపితే క్లైయో, గ్రీకుల చరిత్ర దేవత పేరు. బడ్జెల్ వ్యాసాల కింద ఎక్స్. ఆ ఎక్స్ గుర్తుతో ముప్పైకి పైగా వ్యాసాలు వచ్చాయి. అడిసన్ వాటిని దిద్దీ దిద్దీ దాదాపు తనవే చేసేశాడని జాన్సన్ ఒకసారి అన్నాడు.

నాటకం మొదలైన పదకొండు రోజులకు, మార్చి 28న, స్పెక్టేటర్‌లో ఒక ఫిర్యాదు ఉత్తరం అచ్చయింది. రాసినవాడు మారుపేరు పెట్టుకున్నాడు. అంత గొప్ప విషాదం చూశాక ఆ బరువుతోనే ఇంటికి పోనివ్వకుండా చివర్లో ఈ వేళాకోళం ఏమిటి, ఆండ్రొమకీ నోటనే ఆండ్రొమకీని ఎగతాళి చేయించడం ఏమిటి అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. నాలుగు రోజులకు, ఏప్రిల్ 1న, దానికి జవాబు వచ్చింది. అదీ మారుపేరుతోనే. ఎపిలోగ్‌ను ఆకాశానికెత్తింది. తొమ్మిదిసార్లు చదివారన్న లెక్క ఉన్నది ఈ జవాబులోనే. ఫ్రాన్స్‌లో విషాద నాటకం తరవాత చిన్న హాస్య నాటకం వేయడం లేదా అని ఎదురు ప్రశ్న వేసింది. జవాబు రాసింది బడ్జెలే అని సాహిత్య చరిత్రకారుల మాట. జాన్సన్ అయితే, జవాబు అచ్చువేయడానికే ఫిర్యాదు అచ్చువేశారని తేల్చేశాడు. ఏమైతేనేం, ఊళ్ళో ఆ పద్యం గురించే చర్చ. దాని మీద ఉన్న పేరు గురించే చర్చ.

చర్చ ఒక చోటికి వచ్చి ఆగేది. ఎక్స్ అక్షరం కింద అంతంతమాత్రంగా రాసే మనిషి ఇంత బాగా ఎలా రాశాడు?

ఒకరు ఆ ప్రశ్నను నేరుగా అడిసన్‌నే అడిగారు.

"నేను మొదట చూసినప్పుడు ఆ ఎపిలోగ్ ఇలా లేదు" అన్నాడు అడిసన్.

విన్నవాళ్ళకు అర్థమైంది ఒకటే. కుర్రవాడు ఏదో రాసి తెచ్చి ఉంటాడు, ఈయన దిద్ది ఉంటాడు.

జేకబ్ టాన్సన్ పుస్తకాల దుకాణం స్ట్రాండ్ వీధిలో, కేథరిన్ వీధి మొగకు ఎదురుగా ఉండేది. గుర్తు షేక్‌స్పియర్ తల. మిల్టన్‌నూ డ్రైడెన్‌నూ షేక్‌స్పియర్‌నూ అచ్చువేసిన దుకాణం అది. అక్కడి నుంచి డ్రూరీ లేన్ నాటకశాల కూతవేటు దూరం. అటువైపు వేదిక మీద నాటకం నిలబడితే, కొద్దిరోజుల్లో ఇటువైపు బల్ల మీద పుస్తకం ఉండేది. ఫిలిప్స్ నాటకం కూడా అలాగే అచ్చయింది. ఎపిలోగ్ పేజీలో, పద్యానికి పైన, రాసినవారి పేరు ఉంది. కాపీలు సిద్ధంగా ఉన్నాయి. ఇంకా దుకాణం దాటలేదు.

తెల్లవారుతూనే అడిసన్ వచ్చాడు.

ఆ పేజీలో ఉన్న పేరు అడిసన్‌ది. ఆ పద్యం అడిసన్‌ది. ఆ పేరు తీసి బడ్జెల్ పేరు పెట్టమని చెప్పడానికి వచ్చాడు. బడ్జెల్ అప్పుడు ఒక ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టిన పద్యం తనదైతే సిఫారసుకు బరువు పెరుగుతుంది.

ఈ సంగతి టాన్సన్ ఇంటివాళ్ళకు తెలుసు. వాళ్ళ ద్వారా నటుడు గారిక్ చెవిన పడింది. టాన్సన్ వ్యాపారంలో భాగస్వామి డ్రేపర్ ఇదే సంగతి జాన్సన్ భార్యకు చెప్పాడు. అలా జాన్సన్ దగ్గరికి చేరి, ఆయన రాసిన కవుల జీవిత చరిత్రల్లోకి ఎక్కింది. అప్పటికి అందులోని మనుషులెవరూ బతికి లేరు.

చేతి అచ్చులో పేరు మార్చడమంటే కలంతో కొట్టేసి పైన రాయడం కాదు. పేజీకి పేజీ సీసపు అక్షరాలతో పేర్చి, ఇనుప చట్రంలో బిగించి ఉంటుంది. చట్రం విప్పాలి. ఆ వరసలోని అక్షరాలు ఒక్కొక్కటే మొనదేలిన కమ్మీతో లేపాలి. కేసులోంచి కొత్త అక్షరాలు ఏరాలి. అక్షరం తలకిందులుగా, ఎడమది కుడిగా ఉంటుంది కాబట్టి చూసి పెట్టాలి. కొత్త పేరు పాతదానికంటే పొడుగైతే మిగతా వరస జరుగుతుంది. మళ్ళీ బిగించి, సిరా పూసి, తడిపిన కాగితం మీద నొక్కాలి. పాత పేరుతో అచ్చయిన కాగితాలు చిత్తు కిందికి పోతాయి.

ఈ రెండు పేర్ల దగ్గర ఒక విశేషం ఉంది. ఇంగ్లిష్‌లో అడిసన్‌కు ఏడు అక్షరాలు. బడ్జెల్‌కూ ఏడే. మూడో అక్షరం రెండింటిలోనూ డి. అంటే ఆరు అక్షరాలు తీసి, వాటి చోట ఆరు పెడితే పేరు మారిపోతుంది. మధ్యలో ఒక అక్షరాన్ని కదిలించే పని కూడా ఉండదు.

అడిసన్ చేసింది చిన్న సాయం కాదు. ఆయన జీవితంలో డబ్బిచ్చిన సందర్భాలున్నాయి, ఉద్యోగాలిప్పించిన సందర్భాలున్నాయి. చప్పట్లు ఇచ్చేసిన సందర్భం ఇది. వేదిక మీద తొమ్మిదిసార్లు తన పద్యానికి జనం లేచి అరుస్తుంటే, అదే ఊళ్ళో తిరుగుతూ, అదే కాఫీ హౌసుల్లో కూర్చుని, నాది కాదు అన్నట్టు ఉండాలి. ఉన్నాడు. అడిగినవాడికి కూడా అబద్ధం చెప్పలేదు. తాను మొదట చూసినప్పుడు ఆ ఎపిలోగ్ అలా లేదు. దాని మీద పేరు వేరే.

మరుసటి ఏడాది, 1713 ఏప్రిల్ 14న, అదే డ్రూరీ లేన్‌లో అడిసన్ సొంత నాటకం వచ్చింది. పేరు 'కేటో'. ప్రోలోగ్ రాసిచ్చింది 24 ఏళ్ళ అలెగ్జాండర్ పోప్. ఎపిలోగ్ రాసిచ్చింది డాక్టర్ గార్త్. విగ్ పార్టీవాళ్ళు స్వేచ్ఛ అన్న మాట వచ్చినచోటల్లా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తమ మీదికి రాకూడదని ఎదుటి పార్టీ టోరీలు ఇంకా గట్టిగా కొట్టారు. టోరీ నాయకుడు బోలింగ్‌బ్రోక్ తన బాక్సులోకి పిలిపించి, కేటో వేషం వేసిన బార్టన్ బూత్ చేతిలో యాభై గిన్నీలు పెట్టాడు. నాటకంలో తనకు రావలసిన లాభాన్ని అడిసన్ నాటకశాలకే వదిలేశాడు.

కేటో రోమన్ నాయకుడు. సీజర్‌కు లొంగనివాడు. అయిదో అంకంలో ఒక్కడే కూర్చుని ఉంటాడు. చేతిలో ఆత్మకు చావు లేదని చెప్పే ప్లేటో గ్రంథం. పక్కన బల్ల మీద ఒర తీసిన కత్తి. ఆ దృశ్యం దేశమంతా పాకింది. చదువుకున్న ప్రతి పిల్లవాడికీ ఆ స్వగతం నోటికి వచ్చేది. చివరికి కేటో తన చేత్తోనే పోతాడు. అయితే అడిసన్ అతన్ని వెంటనే పోనివ్వలేదు. కొన ఊపిరితో ఉన్న మనిషి నోట ఒక సందేహం పలికించాడు. తొందరపడ్డానేమో అంటాడు కేటో. తప్పు చేసి ఉంటే మన్నించమని మనసు తెలిసిన దేవతలను వేడుకుంటూ కన్నుమూస్తాడు. అంత హోరులో ఈ కాస్త మాట ఎందరి చెవిన పడిందో.

1714లో ఆన్ రాణి పోయింది, అడిసన్ పార్టీ అయిన విగ్‌లు అధికారంలోకి వచ్చారు. అడిసన్ మళ్ళీ ఐర్లండ్ వ్యవహారాల కార్యదర్శి అయ్యాడు. బడ్జెల్ ఆయన కింద ఉప కార్యదర్శి అయ్యాడు, అక్కడి పార్లమెంటులో సభ్యుడూ అయ్యాడు. పని బాగానే చేశాడని పేరు తెచ్చుకున్నాడు. 1717లో అడిసన్ బ్రిటన్‌లో మంత్రి అయ్యాడు, బడ్జెల్ ఐర్లండ్‌లో అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. తండ్రి ఆస్తి కూడా అప్పటికే చేతికి వచ్చి ఉంది. అప్పులున్నాయి గాని, ఏడాదికి 950 పౌండ్ల రాబడి ఉన్న ఆస్తి.

ఆ మరుసటి ఏడాదే చెడింది. అప్పుడు రాజప్రతినిధి బోల్టన్ డ్యూక్. ఆయన కార్యదర్శితో బడ్జెల్‌కు పడలేదు. మాటా మాటా పెరిగింది. ఎగతాళి రాతలు రాశాడు. ఉద్యోగం ఊడింది. లండన్ వచ్చి, డ్యూక్ మీద ఒక కరపత్రం రాసి, అచ్చుకు ఇవ్వబోయాడు. అడిసన్ వద్దన్నాడు. బడ్జెల్ వినలేదు. అచ్చయింది. కిందా మీదా ఎక్కడా తప్పించుకునే వీల్లేకుండా అది బడ్జెల్ రాసిందే.

1719 జూన్ 17న అడిసన్ చనిపోయాడు. 47 ఏళ్ళు.

1720లో సౌత్ సీ కంపెనీ షేర్లు కూలాయి. బడ్జెల్ 20 వేల పౌండ్లు పోగొట్టుకున్నాడు. పార్లమెంటులో సీటు కోసం ఇంకో అయిదు వేలు పోశాడు. సీటు రాలేదు. తరవాత కరపత్రాలు. తరవాత కోర్టు కేసులు. బారిస్టరు పట్టా ఉన్నవాడు తన కేసులే తాను వాదించుకునే స్థితికి వచ్చాడు. 1733లో 'ది బీ' అనే వారపత్రిక పెట్టాడు. రెండేళ్ళు నడిపాడు.

అదే 1733 ఆగస్టులో మాథ్యూ టిండల్ అనే తాత్వికుడు చనిపోయాడు. బడ్జెల్‌కు స్నేహితుడు. ఆయన వీలునామా తెరిచి చూస్తే 2,100 పౌండ్లు బడ్జెల్ పేర రాసి ఉన్నాయి. ఆస్తి వస్తుందని ఎదురుచూస్తున్న సోదరుడి కొడుకు నికొలస్ టిండల్‌కు దక్కింది దాదాపు ఏమీ లేదు. ఆ కాగితం మీద బడ్జెల్ పేరు టిండల్ పెట్టింది కాదని అన్నారు. బడ్జెలే పెట్టుకున్నాడన్నారు. రుజువు కాలేదు. నిర్దోషి అని కూడా తేలలేదు. చివరికి ఆ వీలునామా చెల్లలేదని చెబుతారు.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక కాగితం మీద బడ్జెల్ పేరు చూసి ఊరు ఆశ్చర్యపోయింది గాని, అది ఎవరు పెట్టారని అడగలేదు. ఈసారి అడగనివాడు లేడు. 1735లో పోప్ తన ప్రసిద్ధమైన వ్యంగ్య కావ్యంలో ఈ వీలునామా సంగతిని బడ్జెల్ పేరుతో సహా రెండు పాదాల్లో ఇరికించాడు. 'కేటో'కు ప్రోలోగ్ రాసిచ్చిన పోపే. పత్రికలు మర్చిపోయేవేమో గాని, పద్యంలో ఎక్కిన పేరు చెరిగిపోదు. ఆ రెండు పాదాల వల్లనే బడ్జెల్ పేరు ఈనాటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది.

1737 మే 4. బడ్జెల్‌కు 50 ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఒక కూతురు ఉంది, పదకొండేళ్ళ పిల్ల. ఆ రోజు తనతో రమ్మని ఆ పిల్లను బతిమాలాడని చెబుతారు. పిల్ల రానంది. ఆమె బతికింది. పెద్దయ్యాక నటి అయింది. డ్రూరీ లేన్‌లోనే.

బడ్జెల్ ఒక్కడే సోమర్సెట్ హౌస్ రేవు మెట్లు దిగి పడవ మాట్లాడుకున్నాడు. టాన్సన్ దుకాణం ఉన్నది ఆ పక్కనే, స్ట్రాండ్ మీద. ఒకప్పుడు తెల్లవారుజామున అడిసన్ వచ్చిన గుమ్మానికీ ఈ మెట్లకూ మధ్య దూరం పెద్దది కాదు. పడవ థేమ్స్ మీద తూర్పుకు సాగింది. పాత లండన్ వంతెన కమానులు ఇరుకు. వాటి కింద నీళ్ళు సుడులు తిరుగుతూ పారేవి. జాగ్రత్తపరులు వంతెనకు ముందే దిగి, నడిచి అవతలికి వెళ్ళి మళ్ళీ పడవ ఎక్కేవారు. బడ్జెల్ దిగలేదు. పడవ వంతెన కిందికి వచ్చినప్పుడు నీళ్ళలోకి దూకాడు.

గదిలో అతని రాతబల్ల మీద ఒక చీటీ దొరికింది. వ్యాసం కాదు, కరపత్రం కాదు, వీలునామా కాదు. పద్యపు నడకలో ఉన్న చిన్న వాక్యం. కేటో చేసిన పని, అడిసన్ ఒప్పుకున్న పని, తప్పు కాజాలదని.

అది రాసింది బడ్జెలే. ఈసారి ఎవరూ సందేహించలేదు. దాని మీద ఉన్న పేరు అడిసన్‌ది.

తెల్లవారుతూనే వచ్చి ఆ పేరు తీయించడానికి ఆయన లేడు.